మోటారు తీసేసిన కుట్టు మిషన్: ఆరు నెలల ప్రాజెక్టు డైరీ

జనవరి 18

రిపోర్టులు చేతికి వచ్చాయి. పరగడుపున షుగరు 112, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే పరీక్ష) 6.1, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) 190, హెచ్‌డీఎల్ 42, బీపీ 136/86, నడుము చుట్టుకొలత 93 సెంటీమీటర్లు. విడివిడిగా చూస్తే ఏదీ భయపెట్టే అంకె కాదు. డాక్టరు గారు మాత్రం కాగితం మీద అయిదు గీతలు గీశారు. మన దేశపు ఆడవారికి నడుము 80 సెంటీమీటర్లు, ట్రైగ్లిజరైడ్లు 150, బీపీ 130/85, పరగడుపు షుగరు 100. వీటిలో దేన్ని అందుకున్నా ఒక్కో గీత. మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 50 కంటే తక్కువుంటే ఇంకో గీత. అయిదింట్లో మూడు ఉంటే మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు, గుండెజబ్బుకూ మధుమేహానికీ అది దగ్గరి దారి. నాకు అయిదూ ఉన్నాయి.

"ఇప్పుడే మందులు వద్దు. ఆరు నెలలు ఒంటికి పని చెప్పి రండి" అన్నారు. ఈసీజీ చూసి నడకకూ మెట్లు ఎక్కడానికీ అనుమతి ఇచ్చారు.

నాకు 46 ఏళ్ళు. బీఎస్సీ చదివాను, తెనాలిలో పంతొమ్మిదేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. మొదటి పద్నాలుగేళ్ళు మిషన్ కాళ్ళతో తొక్కాను. అయిదేళ్ళ క్రితం మోటారు బిగించుకున్నాను. పని వేగం పెరిగింది, కుర్చీలోంచి లేవడం తగ్గింది. ఈ గీతలన్నిటికీ మోటారే కారణమని అనను. వయసు పెరిగింది, అమ్మకు షుగరు ఉంది. కానీ పద్నాలుగేళ్ళు రోజంతా కదిలిన కాళ్ళు అయిదేళ్ళుగా ఊరికే ఉన్నాయన్నది నిజం. మోటారు తీసేసి, కొలిచి చూస్తాను. కొలిచిందంతా ఇక్కడ రాస్తాను.

జనవరి 20

మొదటి పని టేపు. కొలతలు తీసుకోవడమే నా వృత్తి కాబట్టి ఇది తేలిక అనుకున్నాను, కాదు. జాకెట్టుకు మేము నడుము అని రాసుకునేది రొమ్ము కింద పట్టీ వచ్చే చోటు. ఆరోగ్యానికి కొలవవలసిన నడుము అంతకంటే కింద ఉంటుంది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యన టేపు చుట్టి, ఊపిరి మామూలుగా వదిలాక చూడాలి. నాకు ఈ రెండు చోట్లకూ 11 సెంటీమీటర్ల తేడా వచ్చింది. జాకెట్టు కొలత మారలేదు కాబట్టి ఒళ్ళు రాలేదని మా ఖాతాదారులు చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

కొలతల గురించే ఒక సంగతి చదివి చాలాసేపు ఆలోచించాను. లండన్ బస్సుల్లో రోజంతా కూర్చునే డ్రైవర్లనూ, రెండంతస్తుల బస్సులో రోజుకు కొన్ని వందల మెట్లు ఎక్కి దిగే కండక్టర్లనూ జెర్రీ మోరిస్ అనే వైద్యుడు పోల్చి చూశారు. దాదాపు 31,000 మంది రవాణా ఉద్యోగుల మీద చేసిన ఆ అధ్యయనం 1953లో వెలువడింది. గుండెజబ్బు కండక్టర్లలో తక్కువగా కనిపించింది. మరి లావుగా ఉన్నవాళ్ళే డ్రైవర్ల పనిలో చేరుతున్నారేమో అన్న సందేహం తీర్చుకోవడానికి ఆయన బృందం యూనిఫారం ప్యాంట్ల నడుము కొలతలు తీసుకుంది! దర్జీలు రాసిపెట్టిన అంకెలు వైద్య పరిశోధనకు పనికొచ్చాయి. డ్రైవర్ల నడుములు పెద్దవే. కానీ సన్నగా ఉన్నా, మధ్యస్థంగా ఉన్నా, లావుగా ఉన్నా, కండక్టరుకు గుండెపోటు ముప్పు తక్కువే. ఒంటి కొలత కంటే వేరుగా, కదలికకు దానిదే అయిన విలువ ఉందన్న మాట. ఈ ప్రాజెక్టులో బరువును వెనక వరసలో పెట్టడానికి నాకు ఆ ప్యాంట్ల లెక్క చాలు.

జనవరి 22

మోటారు విప్పాను. రెండు బోల్టులు, ఒక చిన్న బెల్టు, అంతే. కష్టమంతా కింద ఉంది. అయిదేళ్ళు తొక్కని పెడల్ బిగుసుకుపోయింది. ఇరుసుల్లో కిరోసిన్ వేసి, తుడిచి, మిషన్ నూనె పోశాను. పాత తోలు బెల్టు చేతితో వంచితే పగిలింది. కొత్తది కొని పెద్ద చక్రం, చేతి చక్రం గాడుల్లో వేసి, వదులు లేకుండా కోసి, తీగ కొక్కెంతో కలిపాను. బిగువు ఎక్కువైతే తొక్కడం బరువవుతుంది, తక్కువైతే బెల్టు జారుతుంది. మూడోసారికి కుదిరింది.

సాయంత్రానికి పిక్కలు పట్టేశాయి. పద్నాలుగేళ్ళు నొప్పి తెలియని పిక్కలు ఇవి.

జనవరి 24

గుండె ఎంత గట్టిగా ఉందో ఇంట్లోనే చూసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. 12 అంగుళాల ఎత్తు పీట మీద మూడు నిమిషాలు ఎక్కి దిగాలి. నిమిషానికి 24 సార్లు. ఆపగానే కూర్చుని, అయిదు సెకన్లలోపు మొదలుపెట్టి పూర్తిగా ఒక నిమిషం నాడి లెక్కపెట్టాలి. గుండె దృఢపడిన కొద్దీ ఆ లెక్క తగ్గుతుంది. ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం పంపగలిగే గుండె తక్కువసార్లు కొట్టుకుంటుంది, ఆపగానే త్వరగా నెమ్మదిస్తుంది.

పాత ద్వారబంధపు చెక్కతో మా వీధి వడ్రంగి పీట చేసి ఇచ్చాడు. ఎక్కగానే ఊగింది. నాలుగు మూలలా ఇనుప ఎల్ బద్దలు, కింద రబ్బరు ముక్కలు వేయించాక కదలలేదు. ఇలాంటి పీట చేయించుకునేవారు గోడ పక్కన వేసుకోండి, తూలితే పట్టుకోవడానికి.

తాళానికి మా అబ్బాయి సాయం చేశాడు. మృదంగం నేర్చుకుంటున్నాడు, వాడి ఫోనులో మెట్రోనోమ్ ఉంది. నిమిషానికి 96 దెబ్బలకు పెట్టి, పక్కన కూర్చుని నోటితో చెప్పాడు: త-క-ధి-మి. త అంటే కుడికాలు పైకి, క అంటే ఎడమకాలు పైకి, ధి, మి అంటే రెండూ కిందికి. నిమిషానికి 24 తకధిములు, మూడు నిమిషాలకు 72. రెండో నిమిషం చివరికి నాకు మాట రాలేదు.

నాడి: 134. కూర్చున్నప్పుడు మామూలుగా 84. ఇవి నా మొదటి అంకెలు.

జనవరి 27 నుంచి ఫిబ్రవరి 8 వరకు

ఈ రెండు వారాల్లో చేసిందే ఇప్పటివరకు నాకు అన్నిటికంటే విలువైన పని.

ప్రశ్న ఒకటే. ఒకే భోజనం చేసి, ఆ తరువాత గంట వేరువేరుగా గడిపితే రక్తంలో చక్కెర ఎంత మారుతుంది? ప్రతిసారీ 90 గ్రాముల బియ్యం తూచి వండాను. అదే దోసకాయ పప్పు, అదే గరిటె పెరుగు, ఒంటిగంటన్నరకు. మొదటి ముద్ద నుంచి గంటకు ఒకసారి, రెండు గంటలకు ఒకసారి గ్లూకోమీటరుతో చూశాను. మూడు రోజులు మోటారు మళ్ళీ బిగించి కూర్చుని కుట్టాను. మూడు రోజులు కాళ్ళతో తొక్కాను. మూడు రోజులు తిన్న పది నిమిషాలకు లేచి కాలువ గట్టు దాకా వెళ్ళివచ్చాను, మొత్తం ఇరవై నిమిషాలు. మధ్యలో పని ఒత్తిడి ఉన్న రోజులు వదిలేశాను.

గంట తరువాతి సగటు: మోటారుతో 184, తొక్కినప్పుడు 169, నడిచినప్పుడు 146. రెండు గంటలకు వరసగా 139, 134, 121.

ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. ఇంట్లో వాడే మీటర్లకు 100 పైన 15 శాతం అటూ ఇటూ తేడా ఉండవచ్చని ప్రమాణాలే ఒప్పుకుంటాయి. 184కూ 169కూ మధ్య దూరం ఆ తేడాలోనే మునిగిపోతుంది. తొక్కడం వల్ల తగ్గిందని నేను గట్టిగా చెప్పలేను. నడక సంగతి వేరు. నడిచిన మూడు రోజుల్లో ఎక్కువ వచ్చిన అంకె కూడా కూర్చున్న రోజుల్లో తక్కువ వచ్చిన అంకె కంటే కిందే ఉంది. ఒక రోజు మీటరు 221 చూపిస్తే గుండె జారిపోయింది. అరటిపండు ఒలిచిన చేతితోనే వేలు పొడుచుకున్నానని అప్పుడు గుర్తొచ్చింది. సబ్బుతో కడుక్కుని మళ్ళీ చూస్తే 168. వేలికి అంటిన పండు తడి చాలు, లెక్క తప్పడానికి.

తొక్కడం ఎందుకు తక్కువ పనిచేసింది? గడియారం పెట్టి చూశాను. గంటసేపు కుట్టుపనిలో పెడల్ నిజంగా కదిలేది 22 నిమిషాలే. మిగతా సమయమంతా దారం ఎక్కించడం, గుడ్డ సర్దడం, హెమ్మింగు, కత్తిరింపు.

నడక ఎలా పనిచేస్తుందో తెలిశాక నాకు ఒంటి మీద గౌరవం పెరిగింది. కండర కణం లోపల గ్లూట్-4 అనే రవాణా ప్రోటీన్లు ఉంటాయి. మామూలుగా ఇన్సులిన్ వచ్చి తలుపు తడితే అవి కణం అంచుకు వచ్చి చక్కెరను లోపలికి చేరవేస్తాయి. నాలాంటివారిలో ఆ తలుపు చప్పుడు కణానికి సరిగా వినపడదు, ఇన్సులిన్ నిరోధకత అంటే అదే. అయితే కండరం ముడుచుకుని విచ్చుకుంటూ పనిచేసేటప్పుడు, ఇన్సులిన్‌తో సంబంధం లేకుండానే ఆ ప్రోటీన్లు అంచుకు వస్తాయి. ముందు తలుపు బిగుసుకుపోయిన ఇంటికి పెరటి తలుపు తెరిచే ఉందన్న మాట. దానికి డబ్బు ఖర్చు లేదు, చీటీ అవసరం లేదు. పని ఆగాక కూడా ఒకటి రెండు రోజులు కండరం ఇన్సులిన్ మాట మునుపటికంటే బాగా వింటుంది. అందుకే వరసగా రెండు రోజులకు మించి మానవద్దని చెబుతారు.

మార్పు: ఇస్త్రీ బల్లను మిషన్ పక్క నుంచి తీసి గదికి ఆ చివర వేశాను. ప్రతి కుట్టుకూ లేచి వెళ్ళాల్సిందే. 2012లో ఆస్ట్రేలియాలో 19 మంది మీద చేసిన ప్రయోగంలో, కూర్చునే సమయంలో ప్రతి 20 నిమిషాలకు 2 నిమిషాలు నడిస్తేనే భోజనం తరువాతి చక్కెర తగ్గింది. నాకు గడియారం మోగించుకోవడం కంటే బల్ల జరపడం నచ్చింది.

ఫిబ్రవరి 9: పీట పరీక్షలో 126.

మార్చి 8

నెల రోజులు ఏమీ రాయలేదు. మాఘమాసం పెళ్ళిళ్ళు. రాత్రి పన్నెండింటి దాకా మగ్గం పని జాకెట్లు. మోటారు మళ్ళీ బిగించాను, నడక మానేశాను. ఈ రోజు పీట ఎక్కితే 133. రెండు వారాల్లో సంపాదించుకున్నది నాలుగు వారాల్లో కరిగిపోయింది.

ఇలా కరగడం గురించి పాత ప్రయోగం ఒకటి ఉంది. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు అయిదుగురిని మూడు వారాలు మంచం దిగకుండా పడుకోబెట్టారు. ముప్పై ఏళ్ళ తరువాత అదే అయిదుగురిని మళ్ళీ పరీక్షించారు. ముప్పై ఏళ్ళ వయసు చేసిన నష్టం కంటే ఆ మూడు వారాల మంచం చేసిన నష్టమే పెద్దది. యాభైలలో ఉన్న ఆ అయిదుగురికీ ఆరు నెలలు క్రమంగా శిక్షణ ఇస్తే, వయసు వల్ల తగ్గిన సామర్థ్యం తిరిగి వచ్చింది. ఇది చదివాక కూర్చుని ఏడవాలనిపించలేదు, మోటారు విప్పాలనిపించింది. విప్పాను. ఈసారి దాన్ని అటక మీద పెట్టాను.

మార్చి 12

మా ఆడపడుచు పై వాటాలో ఉంటారు. 58 ఏళ్ళు. పన్నెండేళ్ళుగా షుగరు, రెండేళ్ళ క్రితం స్టెంటు వేశారు. పీట చప్పుడు విని దిగి వచ్చారు.

"నేనూ ఎక్కుతాను అమ్మాయీ, ఎన్నాళ్ళు ఇలా కూర్చుంటాను?"

"పీట వద్దు వదినా. ముందు మీ గుండె డాక్టరు గారిని అడిగి రండి. నడుద్దాం."

అడిగి వచ్చారు. సమతలం మీద నడక సరేనన్నారట. ఛాతీ పట్టేసినా, దవడకో చేతికో నొప్పి పాకినా, మామూలు కంటే ఎక్కువ ఆయాసం వచ్చినా వెంటనే ఆగమన్నారు. ఇప్పటిదాకా ఆవిడ డాబా మీద చెప్పులు లేకుండా నడిచేవారు. షుగరు ఉన్నవారికి పాదం స్పర్శ తగ్గితే దెబ్బ తగిలినా తెలియదు. బూట్లు కొన్నాం, రోజూ రాత్రి అరికాళ్ళు చూస్తున్నాను.

నడిచాక ఆవిడ నాడి 92, నాది 118. ఆవిడ గుండె నా గుండె కంటే గట్టిదని ఒక్క క్షణం సంతోషించాను. తరువాత మందుల చీటీ చూస్తే బీటా బ్లాకర్ ఉంది. ఆ మందు నాడిని పెరగనివ్వదు. కాబట్టి ఆవిడకు నాడి కొలబద్ద కాదు. మాటే కొలబద్ద: నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. వదినకు కీర్తనలు చాలా వచ్చు. పల్లవి సాఫీగా సాగితే అడుగు వేగం పెంచుతాం, మాట తెగితే తగ్గిస్తాం.

మార్చి 19

ఈ రోజు తప్పు చేశాను. అందరికీ తెలియాలని రాస్తున్నాను. సాయంత్రం ఆరింటికి, టిఫిను తినకుండానే వదినను తీసుకెళ్ళాను. పావుగంటకు చెమటలు, చేతులు వణుకు. ఇంటికొచ్చి చూస్తే షుగరు 64. 70 కంటే తగ్గితే ప్రమాదమే. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇచ్చాను. పావుగంట ఆగి మళ్ళీ చూస్తే 97. తరువాత ఇడ్లీ తిన్నారు.

ఆవిడ వాడే గ్లిమెపిరైడ్ మాత్ర, చక్కెర ఎంత ఉన్నా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. దానికి నడక తోడైంది. నాకు అలాంటి మాత్రలు లేవు కాబట్టి నా లెక్కలతో ఆవిడను నడిపించకూడదు. ఇలాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు వ్యాయామం మొదలుపెట్టే ముందే డాక్టరుతో మోతాదు మాట్లాడుకోవాలి. మర్నాడు వెళ్ళాం, మోతాదు తగ్గించారు. ఇప్పుడు భోజనం తరువాతే నడక, నా కొంగు చివర గ్లూకోజు బిళ్ళలు.

ఏప్రిల్ 21

పీట పరీక్ష: 119. బరువు 71 కిలోల నుంచి 70.2కు దిగింది. చూసినవారు ఎవరూ గుర్తుపట్టరు.

నిరాశపడలేదు. దానికి కారణం చెన్నైలో రామచంద్రన్ గారి బృందం చేసిన అధ్యయనం. 2006లో వెలువడింది. షుగరు అంచున ఉన్న 531 మందిని మూడేళ్ళు గమనించారు. మామూలు సలహాతో సరిపెట్టిన గుంపులో 55 శాతం మందికి మధుమేహం వచ్చింది. నడక, తిండి మార్పులు చేసిన గుంపులో అది 39 శాతం. చెప్పుకోదగ్గంతగా బరువు తగ్గకుండానే ఆ ఫలితం వచ్చింది. మనలాంటి ఒళ్ళు, మనలాంటి తిండి ఉన్నవారి మీద చేసిన పని అది. తూకం చూసి మానేద్దామనుకునే ప్రతి మనిషికీ ఈ సంగతి చెబుతున్నాను. మా కొట్టుకు కొలతలివ్వడానికి వచ్చేవారికి ముందుగా చెబుతున్నాను.

వారానికి రెండు రోజులు కుర్చీ పని కలిపాను. చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలమో లెక్క. నేను 14, వదిన 9. తొడ కండరం పెద్దది, చక్కెర దాచుకునే కొట్టు అదే. లేచేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు, బీపీ ఒక్కసారిగా ఎగురుతుంది.

మే 29

రోహిణి కార్తె. పొద్దున ఏడింటికే ఎండ కాలుస్తోంది. మధ్యాహ్నం భోజనం తరువాతి నడకను ఇంట్లోకి మార్చాం. వంటింటి నుంచి వీధి వరండాకు 19 అడుగులు. ఇరవై నిమిషాలు అటూ ఇటూ. సాయంత్రం కాలువ గట్టు. ఎడమ మోకాలు నొప్పి పెడితే పది రోజులు పీట ఆపి, వడ్రంగి దగ్గర 6 అంగుళాల పీట ఇంకోటి చేయించాను. సాధన దాని మీద, పరీక్ష మాత్రం పాత పీట మీద. ఎత్తు మారితే పాత అంకెలతో పోల్చలేము.

జూలై 7

ఆషాఢం మొదలైంది. పెళ్ళి పని లేదు, కూర్చుని లెక్కలు రాయడానికి తీరిక దొరికింది.

పీట పరీక్ష 109. కూర్చున్నప్పటి నాడి 74. బీపీ 126/80, అయిదు నిమిషాలు కదలకుండా కూర్చుని, చేయి గుండె ఎత్తున పెట్టి, వారం రోజులు చూసిన సగటు ఇది. నడుము 89. పరగడుపు షుగరు 103, హెచ్‌బీఏ1సీ 5.8, ట్రైగ్లిజరైడ్లు 148, హెచ్‌డీఎల్ 44. బరువు 69.4. అయిదు గీతల్లో రెండు చెరిగాయి. మూడు మిగిలాయి కాబట్టి పేరు ఇంకా మారలేదు. డాక్టరు గారు ఇంకో ఆరు నెలలు ఇచ్చారు.

చక్కెర అదే గంటలో జవాబు చెబుతుంది. గుండె వారాల తరబడి అడిగితే గాని చెప్పదు. మొదట్లో ఈ రెండింటినీ ఒకటే అనుకుని, భోజనం తరువాతి నడకతోనే పీట అంకె కూడా దిగుతుందని చూశాను. అది దిగింది, మాట తెగేంత వేగంగా వారానికి నాలుగు రోజులు ఎక్కి దిగిన తరువాతే. తొక్కుడు మిషన్ విషయానికి వస్తే, ఈ మార్పులో దాని వాటా ఎంతో విడదీసి చూపలేను. ఇస్త్రీ బల్ల వాటా కూడా అంతే. అయినా మోటారు తిరిగి బిగించను. సాయంత్రానికి నడుము పట్టేయడం పోయింది.

వదిన కుర్చీ లెక్క 13. కాలువ గట్టు చివర దాకా వెళ్ళి రాగలుగుతున్నారు. నిన్న మా వీధిలో ఇంకో ఇద్దరు వచ్చి పీట కొలతలు రాసుకుని వెళ్ళారు. ఒకరికి బీపీ మాత్ర ఉంది, ముందు డాక్టరు దగ్గరికి పంపాను.

తోలు బెల్టు మళ్ళీ సాగింది, బరువు గుడ్డ మీద చక్రం జారుతోంది. రేపు పొద్దున అర అంగుళం కోసి కొక్కెం వేయాలి.